ఉక్కు చవకైంది పన్నెండు గంటల డ్యూటీ వల్ల కాదు

సంపాదకుల వారికి,

పని గంటల పెంపు మీద నడుస్తున్న చర్చలో అమెరికా ఉక్కు ప్రస్తావన తరచూ వస్తోంది. అక్కడి పరిశ్రమ పైకొచ్చిందే పన్నెండు గంటల డ్యూటీతోనట. పైగా ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమిని, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌ను, ఆపడానికి వీల్లేదు కాబట్టి అది తప్పలేదట. ఆపడానికి వీల్లేదన్నది నిజమే. గాలి ఆగితే లోపలి కరిగిన ఇనుము, స్లాగ్ (దాంతోపాటు కరిగే మలినాలు) చల్లారి గడ్డకడతాయి. ఆ తర్వాతి మాటే తప్పు.

వారానికి 168 గంటలు. రెండు బృందాలు పంచుకుంటే మనిషికి 84, మూడు పంచుకుంటే 56. ఫర్నేస్‌కు ఏదైనా ఒకటే. అమెరికా ఉక్కుకు కేంద్రమైన పెన్సిల్వేనియా రాష్ట్రపు యజమానుల్లో ఎక్కువమంది 84నే ఎంచుకున్నారు. పగటివాళ్లు రాత్రికి, రాత్రివాళ్లు పగటికి మారాలంటే రెండు వారాలకోసారి ఒక బృందం 24 గంటలు వరసగా నిలబడాలి. దాన్ని ‘లాంగ్ టర్న్’ అనేవారు. తడి తగిలిన చోట కరిగిన ఇనుము పడితే ఆవిరి పేలి మనుషుల్ని కాల్చేస్తుంది. అలాంటి చోట ఇరవయ్యో గంటలో మనిషి చూపు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ఇక చవక సంగతి. 1867లో టన్ను ఉక్కు పట్టాల ధర సుమారు 166 డాలర్లు, 1898లో దాదాపు 18. ఈ తగ్గుదలలో పెద్ద వాటా ఇనుమును ఉక్కుగా మార్చే బెస్సిమర్ కన్వర్టర్ అనే పాత్రది. పాత పద్ధతిలో ఒక కొలిమి దగ్గర రెండు గంటలు కలియబెడితే వచ్చేది రెండు మూడు వందల కిలోల ఇనుము. కన్వర్టర్‌లో అడుగునుంచి గాలి ఊదితే కర్బనం, సిలికాన్ మండి, ఆ వేడితోనే ఐదారు టన్నులు పావుగంట, ఇరవై నిమిషాల్లో ఉక్కవుతుంది. వేరే ఇంధనం అక్కర్లేదు.

అయితే లోపలి పూత ఆమ్ల గుణం ఉన్న ఇటుకలదైతే ఆ కన్వర్టర్‌లో భాస్వరం పోదు. అది మిగిలితే చలికి పట్టా పెళుసై విరుగుతుంది. అమెరికాకు కలిసొచ్చింది ఇక్కడే. సుపీరియర్ సరస్సు ప్రాంతంలో భాస్వరం తక్కువున్న ఖనిజం దొరికింది, సరస్సుల మీద పడవల్లో చవకగా దిగింది. ఫర్నేస్‌కు ఇంధనమైన కోక్ (బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి చేసేది) పిట్స్‌బర్గ్ పక్కనే కానెల్స్‌విల్‌లో ఉంది. కన్వర్టర్ అడుగు త్వరగా అరిగిపోయి పని ఆగేది. ఇంజినీరు అలెగ్జాండర్ హాలీ ఊడదీసి మార్చుకునే అడుగు తయారుచేసి ఆ ఆలస్యం తగ్గించాడు. 1875లో పిట్స్‌బర్గ్ దగ్గరి బ్రాడక్‌లో మొదలైన కార్నెగీ వాళ్ల ఎడ్గర్ థామ్సన్ కర్మాగారం ఆయన డిజైనే. వీటన్నిటికీ తోడు 1870 చట్టంతో విదేశీ ఉక్కు పట్టాల మీద టన్నుకు 28 డాలర్ల సుంకం. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మాట్లాడేవాళ్లు ఈ అంకెను ఎందుకో మరిచిపోతారు.

అదే బ్రాడక్‌లో సూపరింటెండెంట్ కెప్టెన్ బిల్ జోన్స్ 1870ల చివర్లో ఎనిమిది గంటల షిఫ్టు పెట్టాడు. రక్తమాంసాలున్న మనిషి పన్నెండు గంటలు ఆగకుండా పనిచేయలేడన్నది ఆయన అనుభవం. కర్మాగారం దివాలా తీయలేదు సరికదా, ఉత్పత్తిలో పోటీదారులకు అందనంత దూరం వెళ్లింది. పోటీదారులు మాత్రం ఆ దారి పట్టలేదు. 1888లో కార్నెగీ కంపెనీ మళ్లీ పన్నెండుకు తిప్పింది. మరుసటి ఏడాది, లోపల వేసిన సరుకు కిందికి దిగక మధ్యలో ఇరుక్కున్న ఫర్నేస్ పగిలి జోన్స్ చనిపోయాడు. ఆ ఏడాదే బ్రాడక్‌లో కార్నెగీ లైబ్రరీ తెరిచారు. చదివే తీరిక సంగతి ఎవరూ అడిగినట్లు లేదు.

1892లో కార్నెగీ కంపెనీదే మరో కర్మాగారమైన హోమ్‌స్టెడ్‌లో జరిగిన గొడవను ఉత్త కూలి తగాదాగా రాస్తుంటారు. కూలి బిల్లెట్ (ఉక్కు దిమ్మె) ధరతో ముడిపడి ఉండేది. ధర ఎంత పడినా టన్నుకు 25 డాలర్ల లెక్కకు తగ్గకూడదన్న హద్దును 22కు దించుతామంది కంపెనీ. అంతకన్నా ముఖ్యం, ఒప్పందం జూన్ చివర కాక డిసెంబరు చివర ముగియాలంది. నడి చలికాలంలో బొగ్గు, తిండి లేకుండా సమ్మె ఎన్నాళ్లు నడుస్తుంది? జులై 6న కంపెనీ కిరాయికి తెచ్చిన పింకర్టన్ అనే ప్రైవేటు భద్రతా సంస్థ మనుషులు సుమారు 300 మంది పడవల్లో దిగారు, ఇరువైపులా ప్రాణాలు పోయాయి. యూనియన్ విరిగింది. తర్వాత మూడు దశాబ్దాలు చాలా చోట్ల పన్నెండు గంటలే నడిచాయి.

1923లో అధ్యక్షుడు హార్డింగ్ ఒత్తిడి తర్వాత అమెరికాలో అతిపెద్ద ఉక్కు కంపెనీ అయిన యు.ఎస్. స్టీల్ ఎనిమిది గంటలకు మారడం మొదలుపెట్టింది. ఫర్నేసులు ఆరిపోలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గాజువాక