రిసెప్షన్‌కి ఎన్ని ప్లేట్లు చెప్పాలి?

విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ఒరేయ్ శ్రీనూ,

"స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ వెలగబెట్టావు కదా, మా చిన్నాడి రిసెప్షన్‌కి ఎన్ని ప్లేట్లో ఒక్క ముక్కలో చెప్పు, ఎనిమిది వందలా పన్నెండు వందలా" అని అడిగి ఫోన్ పెట్టేశావు. నాకేమో ఆ ఒక్క ముక్క మూడు రోజుల పని అయ్యింది. దానికి తోడు ఇంట్లో తిట్లు. రెండు సాయంత్రాలు నేను మీ పెద్దాడి రిసెప్షన్ వీడియో ఆపి ఆపి చూస్తుంటే, "వీళ్ల పెళ్లికి మనం వెళ్లాం కదండీ, మళ్లీ ఎందుకు చూస్తున్నారు" అని మా ఆవిడ గొడవ. ఎందుకో చెబుతాను, నెమ్మదిగా చదువు.

మొదట ఆ పన్నెండు వందలు ఎక్కడిదో కనుక్కున్నాను. మీ అన్నయ్యగారికి ఫోన్ చేశాను. "పెద్దాడి రిసెప్షన్‌కి క్యాటరింగ్ ఆయన 1050 ప్లేట్లకి బిల్లు వేశాడు, ఇప్పుడు పరిచయాలు పెరిగాయి, కాబట్టి 1200" అన్నారు. అంటే ఆయన అంచనా మొత్తం ఆ బిల్లు మీద నిలబడింది. మరి ఆ బిల్లు రాసిన మనిషికి ఆ సంఖ్య పెద్దదిగా ఉంటే లాభమా, నష్టమా? ఆయన దొంగ అనటం లేదురా. ఒక్కో మనిషి రెండేసి ప్లేట్లు మార్చి ఉండొచ్చు, పిల్లలు వాడి పారేసినవీ ఉండొచ్చు. కానీ ఎక్కువ అయితే తనకే మంచిదైన మనిషి చెప్పిన లెక్కని, దాని మీద ఇంకొంచెం వేసి మరీ నమ్మడం నాకు మింగుడు పడలేదు.

ఇక్కడ నీకు ఎర్రకోట కథ చెప్పాలి. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన సి.ఆర్.రావు గారు తన పుస్తకంలో రాశారు. 1947లో ఢిల్లీ గొడవల్లో చాలామంది ఎర్రకోటలో తల దాచుకున్నారు. వాళ్లకి తిండి పెట్టే పని ప్రభుత్వం కాంట్రాక్టర్లకి ఇచ్చింది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు, బిల్లులు మాత్రం కొండలా వస్తున్నాయి. చివరికి స్టాటిస్టిక్స్ వాళ్లని పిలిచారు, కోట లోపలికి మాత్రం వెళ్లనివ్వలేదు. వాళ్ల చేతిలో ఉన్నవల్లా రోజుకి ఇంత బియ్యం, ఇంత పప్పు, ఇంత ఉప్పు అని కాంట్రాక్టర్లు ఇచ్చిన బిల్లులే. ఒక మనిషి రోజుకి ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో అంతకుముందు చేసిన సర్వేల్లో ఉంది. భాగిస్తే మూడింటికీ జనం సంఖ్య ఒకటే రావాలి కదా? రాలేదు. బియ్యంతో లెక్క కడితే జనం అన్నిటికంటే ఎక్కువ, ఉప్పుతో కడితే అన్నిటికంటే తక్కువ. బియ్యం ఖరీదైనది, దాన్ని పెంచి రాస్తే డబ్బు. ఉప్పు ఏ మూలకి, దాన్ని పెంచి రాసి ఏం బాగుపడతాడు? అందుకని ఉప్పు చెప్పిన సంఖ్యే తీసుకోమన్నారు. ఇంకొంతమంది ఉన్న హుమాయూన్ సమాధి దగ్గర ఇదే పద్ధతి పెట్టి చూస్తే సరిపోయింది. ఈ ఉప్పు ఉపాయం ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన జె.ఎం.సేన్‌గుప్తాది.

దాంతో నీ ఇంట్లో ఉప్పు ఏమిటా అని ఆలోచించాను. దొరికింది కూడా. తర్వాత చెబుతాను.

ముందు చదివింపుల పుస్తకం. చెల్లెమ్మ వాట్సాప్‌లో పేజీలు ఫొటో తీసి పంపింది, లెక్క పెడితే 240 కుటుంబాలు. అప్పుడు పంచిన శుభలేఖలు 400. నువ్వైతే వెంటనే "అయితే 240 కుటుంబాలు వచ్చాయి" అంటావు. కానీ కవరు ఇవ్వకుండా తిని వెళ్లినవాళ్లు ఆ పుస్తకంలో ఉండరుగా! వాళ్లెంతమందో తెలియాలంటే ఇంకో లిస్టు కావాలి, అందుకే వీడియో. నేను ఒక్కో మొహం దగ్గర ఆపడం, చెల్లెమ్మ ఫోన్లో "వాళ్లు మా పిన్నిగారి తోడికోడలు వాళ్లు" అని చెప్పడం. ఆకుపచ్చ పట్టుచీర ఆవిడ ఎవరో మాత్రం చివరి దాకా తేలలేదు. వియ్యాలవారి తరఫు అనుకుని వదిలేశాం.

ఒక జాగ్రత్త తీసుకున్నాను, నాకు నేనే శభాష్ అనుకున్న చోటు ఇది. స్టేజీ మీద తీసిన వీడియో చూడలేదు. ఎందుకంటే స్టేజీ ఎక్కేవాడు కవరు పట్టుకునే ఎక్కుతాడు. పుస్తకంలో ఉన్నవాళ్లే మళ్లీ అక్కడ కనిపిస్తారు, తప్పించుకున్నవాళ్లు రెండుచోట్లా తప్పించుకుంటారు. అందుకని భోజనాల దగ్గర తీసిన ముక్క మాత్రమే చూశాను. కెమెరావాడు ఎవరి మీదకి తిప్పితే వాళ్లే పడతారు, కవరుతో సంబంధం లేదు. అందులో 150 కుటుంబాలని గుర్తుపట్టాం. ఆ 150లో చదివింపుల పుస్తకంలో ఉన్నవి 120. అంటే వచ్చినవాళ్లలో నూటికి ఎనభై మందిని పుస్తకం పట్టుకుందన్నమాట. 240 అనేది ఎనభై శాతమైతే మొత్తం 300. రెండు లిస్టులూ కలిపి చూసినా దొరికేది 270 కుటుంబాలే, మిగతా 30 ఎక్కడా పడలేదు. పడకపోయినా ఉన్నారని లెక్క చెబుతోంది చూడు, ఎన్నేళ్లు చెప్పినా ఈ లెక్క నాకు పాతబడదు.

ఇది నేను కనిపెట్టింది కాదులే. 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ అని ఇద్దరు ఇలాగే చేశారు. కలకత్తా దగ్గర సింగూరులో జనన మరణాలు రిజిస్టర్‌లో ఎన్ని రాశారు, ఇంటింటికీ తిరిగితే ఎన్ని దొరికాయి, రెండింట్లోనూ ఉన్నవి ఎన్ని అని చూసి, రెండింట్లోనూ తప్పిపోయినవి ఎన్నో అంచనా కట్టారు.

ఇప్పుడు ఉప్పు. మీ అటక మీద తాంబూలం సంచులు మిగిలాయా అని చెల్లెమ్మని అడిగాను. కుటుంబానికి ఒకటి చొప్పున ఇవ్వడానికి 320 కొన్నారట, 22 మిగిలాయట. అంటే ఇచ్చినవి 298! శ్రీనూ, నాకు కుర్చీలోంచి లేచి గంతు వెయ్యాలనిపించింది. ఆ సంచులు ఎక్కువ రాస్తే ఎవడికీ లాభం లేదు, తక్కువ రాస్తే నష్టం లేదు. అటక మీద దుమ్ము పట్టి కూర్చున్నాయి, అంతే. సరే, నీ మేనత్తగారు ఎవరికైనా రెండేసి ఇచ్చి ఉండొచ్చు, తీసుకోకుండా వెళ్లినవాళ్లూ ఉండొచ్చు. అయినా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు ఒకే గుమ్మం ముందు కలిశాయి.

భోజనాల వీడియోలో కుటుంబానికి సగటున 2.6 మంది కనిపించారు. 298 కుటుంబాలంటే 775 మంది. వియ్యాలవారు, వీడియోవాళ్లు, డ్రైవర్లు ఒక 60 వెయ్యి. 835 మంది తిన్న చోట బిల్లు 1050. ఈ తేడా గురించి పాత గొడవ తవ్వొద్దు. ఈసారి బేరం ఆడేటప్పుడు గుర్తుంచుకో చాలు.

చిన్నాడికి శుభలేఖలు 420. అప్పటిలాగే నాలుగింట మూడొంతుల కుటుంబాలు వస్తే 315. మనుషుల్లోకి మారిస్తే 819, మళ్లీ 60 కలుపు, సుమారు 880. "అందరికీ ఫోన్ చేసి వస్తారో లేదో అడిగేస్తే పోలా" అన్నావు. అడగకు. శుభకార్యానికి పిలిస్తే రామని చెప్పే తెలుగువాడు ఇంకా పుట్టలేదు. నూటికి నూరు మందీ "తప్పకుండా అండీ" అంటారు. కావాలంటే లిస్టులో ప్రతి పద్నాలుగో పేరు తీసుకో, ముప్పై ఇళ్లవుతాయి. వాళ్లకి ఫోన్ చేసి, "ఏ బండికి బయల్దేరుతున్నారు, రూమ్ ఎన్నింటికి కావాలి" అని అడుగు. నీళ్లు నమిలితే రానట్టు రాసుకో.

ఇక్కడితో ఆపేస్తే నేను మళ్లీ మా గృహప్రవేశం చేసినవాడినవుతాను. నీకు ఆ రోజు గుర్తుందా? నేను ఎంతో పద్ధతిగా లెక్క కట్టి 300 మంది వస్తారన్నాను, 300 మందికే చెప్పాను. వచ్చింది 335. ఒంటిగంటకే గారెలు అయిపోయాయి. మా బావమరిది ఖాళీ పళ్లెం పట్టుకుని వాకిట్లో తిరుగుతూ "మా బావ స్టాటిస్టిక్స్ రా" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ఇప్పటికీ పండక్కి వస్తే గారె చేత్తో పట్టుకుని ఆ మాట అనకుండా తినడు. నిజానికి నా అంచనా అంత తప్పేం కాదు. సగటు అన్నాక ఇంచుమించు సగం సార్లు దాటుతుంది. సగటుకి సరిపడా మాత్రమే వండించడం నా తెలివితక్కువతనం.

పైగా నీకు జనం విడివిడిగా రారు. ఎవరి ఇష్టం వాళ్లదైతే ఒకరు మానేసినా ఇంకొకరు వచ్చి సర్దుకుంటుంది, అప్పుడు 880కి ఓ 35 అటూ ఇటూ. కానీ మీ ఊరి నుంచి బస్సు వేస్తున్నావు కదా. ఆ రాత్రి ఊళ్లో ఇంకో పెళ్లి ముహూర్తం పడిందంటే బస్సుకి బస్సే ఖాళీ. అదే బావుంటే, లిస్టులో లేనివాళ్లు కూడా ఎక్కుతారు. బ్యాంకులో చెల్లెమ్మతో పనిచేసేవాళ్లూ అంతే, వస్తే గుంపుగా వస్తారు. అందుకని నేను అటూ ఇటూ 70 వేసుకున్నాను. అంటే ఇంచుమించు మూడింట రెండుసార్లు ఆ లోపే ఉంటుంది, మిగతాసార్లు దాటొచ్చు కూడా. ఈ 70 నా అనుభవంలోంచి వచ్చిందే, ఏ పుస్తకంలోనూ లేదు.

ఇప్పుడు నేను నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఒక ప్లేటు భోజనం మిగిలిపోతే నీకు 400 రూపాయలు పోతాయి. ఒక మనిషి తినకుండా వెనక్కి వెళ్లకుండా ఉండటానికి ఎంత పెడతావు? 1600 అంటే, రెండూ కలిపిన 2000లో అది ఎనభై శాతం. పది సార్లలో ఎనిమిది సార్లు చాలేటట్టు చెప్పాలి. ఆ 70తో లెక్క కడితే 940 ప్లేట్లు. 3600 పెడతానంటే తొంభై శాతం, అప్పుడు 970. పరువు ఖరీదు తొమ్మిది రెట్లయినా వెయ్యి దాటలేదు గమనించు. ఈ లెక్క 1888లో ఎడ్జ్‌వర్త్ అనే ఆయన బ్యాంకు గల్లాలో ఎంత డబ్బు ఉంచుకోవాలన్నదానికి కట్టాడు. డబ్బయినా దప్పళమైనా ఒకటే.

ఇంకో సంగతి. అన్ని వంటలకీ ఒకే సంఖ్య చెప్పకు. అన్నం తగ్గితే అరగంటలో ఇంకో గుండిగ దింపుతారు, పెరుగు చాలకపోతే బజారు నుంచి తెప్పించుకోవచ్చు. వాటికి 880 చాలు. గారెలకి మినప్పప్పు ముందే నానాలి, రాత్రి తొమ్మిదింటికి నానబెట్టలేం కదా, 940 మందికి చెప్పు. పూర్ణం బూరెలు మిగిలినా చుట్టాలకి డబ్బాల్లో కట్టి పంపేస్తావు, మిగిలితే పెద్ద నష్టం లేదు, 970కి చేయించు. క్యాటరింగ్ ఆయనతో 880 ప్లేట్లకి తక్కువ కాకుండా డబ్బు కడతామని ఒప్పుకో. ఆ పైన వాడినవాటికే డబ్బు, ప్లేట్లు మనవాడు ఒకడు దగ్గరుండి లెక్కపెడతాడని ముందే చెప్పు. అన్నయ్యగారినే కూర్చోబెట్టు, ఆయన కళ్లు గప్పడం ఎవడి వల్లా కాదు.

తాంబూలం సంచులు ఈసారి ఎన్ని కొన్నారో ఎక్కడైనా రాసి పెట్టమని చెల్లెమ్మకి చెప్పు. మూడోవాడి పెళ్లికి నన్ను మళ్లీ వీడియో చూడమంటే చూడను.

మా ఇంటి నుంచి ముగ్గురం. టికెట్లు తీసేశాం, రూమ్ ఒకటి చాలు.

నీ
మూర్తి