కార్తీక మాస వార్తాలేఖ: వెనక్కి పంపిన కుండీల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఇంట్లో గింజలు విత్తి మొలిపించమంటే ఏడో తరగతి పిల్లలు తెచ్చిన పదకొండు పాలకూర కుండీలను నేను వెనక్కి పంపిన సంగతి ఈపాటికి మీ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొచ్చింది. పాప ఏడ్చిందని ఇద్దరు ఫోన్ చేశారు. నాకూ బాధగానే ఉంది. కానీ రాత్రంతా నానబెట్టి విత్తినా పాలకూర మొలక తల ఎత్తడానికే వారం పడుతుంది. మేం విత్తనాలిచ్చిన ఎనిమిదో రోజుకే జానెడు మొక్కలు వచ్చాయి! ఒక కుండీకి నర్సరీ ధర చీటీ అలాగే ఉంది. ఇంకొకటి అసలు పాలకూరే కాదు, బచ్చలి తీగ.

పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం. బస్సు ఫీజు బాకీ ఉన్నవారు శనివారంలోగా కట్టండి. వనభోజనాలకు స్టీలు పళ్లెం పంపండి.

ఇక కుండీల సంగతి. ఈ విత్తే పని లడఖ్ పాఠం కోసం పెట్టాం. అక్కడి ముఖ్య పట్టణం లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఏడాదంతా పడే వాన, మంచు కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లే. 2024లో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి రావడం చూసిన విజయవాడ పిల్లలకు ఆ ఎండుదనం మాటలతో ఎక్కదు. అక్కడ కొండ మీది మంచు కరిగితేనే పెరటికి నీళ్లు. కాలువలో ఎవరి వంతు ఎప్పుడో చెప్పడానికి ఊళ్లో చుర్పోన్ అనే నీటి పెద్ద ఉంటాడు. మే నెలలో విత్తినది సెప్టెంబరు దాటేలోపు చేతికి రావాలి. ముల్లంగి, క్యారెట్, బంగాళాదుంపలను గోతిలో కప్పెట్టి చలికాలానికి దాచుకుంటారు. ఆ చలిలో ఆకుకూర కావాలంటే నడుము లోతు గుంత తవ్వి, అడుగున విత్తి, పైన పాలిథిన్ పట్టా కప్పుతారు. రాత్రయితే దాని మీద దుప్పటి కూడా. గుప్పెడు పాలకూర కోసం అంత పాటు. మనమేమో కార్తీకంలో గింజ చల్లితే చాలు మొలిచే ఊళ్లో ఉండి నర్సరీకి వెళ్తున్నాం. నాకు కోపం రాదా?

ఒకబ్బాయి అమ్మమ్మగారి పెరట్లో అలాంటి గుంతే తవ్వాడు. మధ్యాహ్నానికల్లా మొలకలు ఉడికిపోయాయి. "మన ఎండకు పట్టా పనికిరాదు మేడమ్, కొబ్బరాకు కప్పాలి" అని తానే తేల్చుకుని మళ్లీ విత్తాడు. ఈ మాట కూరగాయల బండి ఆయనకు కూడా చెప్పుకున్నాను. ఒకమ్మాయి ఖాళీ కుండీ తెచ్చింది. "రోజుకు మూడుసార్లు నీళ్లు పోశాను, గింజలు కుళ్లాయి" అని డైరీలో రాసింది. పదికి పది ఆ అమ్మాయికే.

మీరు ప్రేమతోనే కొన్నారని తెలుసు. ఆ ప్రేమతోనే పటాలు గీసిపెడుతున్నారు, బ్యాగులు మోస్తున్నారు, మట్టి ముట్టుకుంటే జలుబు చేస్తుందని చీటీలు పంపుతున్నారు. జలుబు ఎలా వస్తుందో కావాలంటే మా సైన్సు టీచరు చేత చెప్పిస్తాను.

సోమవారం మళ్లీ విత్తనాల పొట్లాలిస్తాం. కుండీ లేకపోతే పాత బకెట్టు చాలు. అడుగున చిల్లులు మీరు పెట్టండి, విత్తడం మాత్రం వాళ్లకు వదలండి. అన్నట్టు, వెనక్కి పంపిన ఆ బచ్చలి తీగ మర్నాడే బడి గేటు దగ్గర ప్రత్యక్షమైంది. తమదని ఎవరూ ఒప్పుకోలేదు. అక్కడే పాతించాం, బాగా పాకుతోంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు