రాత్రి రైలులో గళ్లనుడికట్టుకు కాస్త వెలుతురు

సంపాదకులకు నమస్కారం.

సెలవుల కాలంలో ప్రయాణాల గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదువుతుంటాను. ఎక్కడికి వెళ్లాలో, ఏమి చూడాలో, ఏమి తినాలో అన్నీ వివరంగా ఉంటాయి గానీ, ఇంట్లో రోజూ మనసుకు విశ్రాంతినిచ్చే వ్యాపకాన్ని దారిలో ఎలా నిలుపుకోవాలన్న సంగతి వాటిలో కనిపించదు. నా వ్యాపకం గళ్లనుడికట్టు, అంటే ఆధారాలను బట్టి గళ్లలో పదాలు నింపే క్రాస్‌వర్డ్ పజిల్. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులే పాఠకుల కోసం గళ్లు కూర్చారు కనుక, దీన్ని పనిలేనివారి పనిగా ఎవరైనా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను.

ఇందుకు పెద్ద సరంజామా ఏమీ అక్కరలేదు. పాత పత్రికల నుంచి కత్తిరించి పెట్టుకున్న పజిళ్లు, వాటి అడుగున ఒక పరీక్ష అట్ట, చెక్కి ఉంచిన పెన్సిళ్లు, ఒక రబ్బరు చాలు. పెన్ను మాత్రం పనికిరాదు. ఇంగ్లీషు పజిల్‌లో గడికి ఒక అక్షరం గీసేస్తే సరిపోతుంది గానీ, తెలుగులో ఆ కాస్త చోటులోనే గుణింతమూ ఒత్తూ కూడా ఇమడాలి కాబట్టి, బండి పట్టాలు మారుతూ ఒక్క ఊపు ఊగిందంటే ‘క్ష్మి’లోని మకారం కింది గడిలోకి జారి, నిలువు ఆధారాన్ని కూడా పాడుచేస్తుంది.

అసలు ఇబ్బంది చీకటి పడ్డాక మొదలవుతుంది. ఏసీ బోగీల్లో తల దగ్గర చదువుకోవడానికి చిన్న దీపం ఉంటుంది. 2021లో వచ్చిన త్రీ టైర్ ఎకానమీ బోగీల్లోనైతే ప్రతి బెర్తుకూ విడిగా ఇచ్చారు. స్లీపర్ క్లాసులో మాత్రం ఇప్పటికీ అందరికీ కలిపి పైన బిగించిన దీపాలే దిక్కు. సాయంత్రం విశాఖలో బయలుదేరే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో, రాజమండ్రి వంతెన దాటి భోజనాలు ముగిసేసరికి, ఎవరో ఒకరు లైటు తీసేయమంటారు. పసిపిల్లలున్నవారూ, తెల్లవారగానే ఆఫీసుకు పరుగెత్తవలసినవారూ అలా అడగడంలో తప్పేమీ లేదు. పైగా మిడిల్ బెర్తు వేశాక కింది బెర్తులో నిటారుగా కూర్చోవడమే కుదరదు. పడుకునే నింపుకుందామంటే వెలుతురు లేదు. పక్కవారి నిద్ర చెడకుండా పుస్తకం మీద మాత్రమే పడే చిన్న దీపం స్లీపర్ బెర్తులకు కూడా అమర్చడం రైల్వే శాఖకు తలకు మించిన భారం కాదని నా నమ్మకం. నవల చదివేవారికీ, ఊలు అల్లుకునేవారికీ, జపం పుస్తకం తెరిచే పెద్దలకూ అదే దీపం పనికివస్తుంది.

రాత్రి పది తరువాత బోగీలో గట్టిగా పాటలు పెట్టరాదని 2022లో వచ్చిన ఆదేశం మంచిదే, కానీ పగలు కూడా ఇయర్‌ఫోన్లు వాడమని టీటీఈ ఒక మాట చెబితే ఇంకా బాగుంటుంది. ఫోన్‌లోనే పజిల్ ఆడుకోవచ్చు కదా అని పిల్లలు అంటారు. గడి నింపుతుండగా ఆఫీసు వాట్సాప్ గ్రూపు పైనుంచి తొంగిచూస్తే అది విశ్రాంతి ఎలా అవుతుంది? అరకు వెళ్లేటప్పుడు మాత్రం నేనూ అట్ట సంచిలోంచి తీయను. సొరంగం వెంట సొరంగం దాటుతూ లోయలు కనిపించే ఆ దారిలో తల వంచుకుని ‘7 అడ్డం’ గురించి ఆలోచించడం అపచారమే.

ఇక మీకు ఒక విన్నపం. పజిల్ సమాధానాలను పత్రికలు సాధారణంగా తరువాతి సంచికల్లో ఇస్తాయి. ఇంటిపట్టున ఉన్నవారికి ఆ ఎదురుచూపు సరదాగానే ఉంటుంది గానీ, మర్నాడు మరో రాష్ట్రంలో దిగే ప్రయాణికుడికి ఆ సంచిక దొరకడం అనుమానమే. దక్షిణాదిలో హిగ్గిన్‌బాథమ్స్, ఉత్తరాదిలో వీలర్ పుస్తకాల దుకాణాలు స్టేషన్లకు ఆనవాళ్లుగా ఉన్న రోజుల్లో దిగి వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు చాలా ప్లాట్‌ఫారాల మీద నీళ్ల సీసాలూ చిప్స్ ప్యాకెట్లూ దొరికినంత సులువుగా తెలుగు పత్రిక దొరకదు. అందుచేత సమాధానాలను అదే సంచికలో మరో పేజీలో తలకిందులుగా అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. అలాగే మీ వెబ్‌సైట్‌లో పజిల్‌ను విడిగా, ఏ4 కాగితం మీద పెద్ద గళ్లతో ముద్రించుకునేలా ఉంచితే, ప్రయాణానికి ముందు రాత్రే నాలుగైదు పజిళ్లు తీసి సంచిలో పెట్టుకోగలుగుతాం.

భవదీయురాలు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు, కాకినాడ