తిండి వృథా తగ్గించే పనిపై సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం శక్తిని నాలుగు పనులకు పంచకుండా ఒక్కదాని మీదే పెడదామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఇళ్లలోనూ, మనమంతా కలిసి చేసుకునే భోజనాల్లోనూ తిండి పారేయడం తగ్గించాలన్నదే ఆ పని. అది ఎంతవరకు వచ్చిందో కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా ఇస్తారు.

తిండి వృథా అనగానే పెళ్లిళ్లు, హోటళ్లే అందరికీ గుర్తొస్తాయి. లెక్కలు చూస్తే అలా లేవు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తపాలైంది. అందులో 60 శాతం ఇళ్ల నుంచి వచ్చిందే. హోటళ్లు, క్యాంటీన్ల లాంటి చోట్ల పోయింది 28 శాతం, దుకాణాల్లో పోయింది 12 శాతం. ఇళ్లలో పోయేదాన్ని తలసరి చూస్తే ఏడాదికి 79 కిలోలు. తొక్కలు, ఎముకల్లాంటి తినడానికి పనికిరానివి కూడా ఈ లెక్కలో కలిసే ఉన్నాయి. అయినా ఇది చిన్న అంకె కాదు. పైగా ధనిక దేశాల ఇళ్లకూ మధ్యాదాయ దేశాల ఇళ్లకూ మధ్య తేడా తలసరి 7 కిలోలేనట. డబ్బున్నవాళ్ల అలవాటని పక్కకు నెట్టేసే వీలు లేదన్నమాట.

తూకం, పుస్తకం

ముందుకొచ్చిన ఇళ్లలో వంటింటి చెత్తబుట్ట పక్కన మూత ఉన్న ఇంకో చిన్న డబ్బా పెట్టించాం. తినదగినదై ఉండి పారేస్తున్నది మాత్రమే అందులో వేయాలి. వారం చివర తూకం వేసి పుస్తకంలో రాయాలి. పుస్తకంలో బరువు గడి పక్కనే 'ఎందుకు' అని ఇంకో గడి పెట్టాం. ఏడాది మొత్తంలో మనకు ఎక్కువ నేర్పింది ఆ రెండో గడే.

కంచాల్లో వదిలేసిందే ఎక్కువ ఉంటుందనుకున్నాం. డబ్బాలు తెరిచి చూస్తే, అసలు పొయ్యి దాకా రానివే చాలా కనిపించాయి. కట్టిన దారం కూడా విప్పని ఆకుకూర కట్ట, కింద నల్లబడి నీరుకారుతూ. అడుగున మెత్తబడిన దోసకాయ. సగం వాడి మూతపెట్టి మరిచిపోయిన పెరుగు డబ్బా. 'ఎందుకు' గడిలో పదే పదే కనిపించిన మాటలు రెండే: 'ఉందని తెలియక మళ్లీ కొన్నాం', 'తక్కువ ధరకు వస్తోందని తెచ్చాం'. వృథా చాలావరకు వంటింట్లో కాదు, సంచీ పట్టుకుని బయల్దేరేటప్పుడే ఖాయమైపోతోంది. కార్యవర్గం ఈ విషయంలో గట్టిగా ఒక అభిప్రాయానికి వచ్చింది. మిగిలింది ఎవరికి ఇవ్వాలా అని ఆలోచించడం మంచిదే. కానీ మిగలకుండా కొనడం, మిగలకుండా వండడం దానికంటే ముందు రావాలి.

దక్షిణ కొరియాలో 2013 నుంచి ఎంత తిండి పారేస్తే అంత రుసుము కట్టే పద్ధతి తెచ్చారు. మనం రుసుములు పెట్టలేదు, పెట్టే ఉద్దేశమూ లేదు. తూకం కంటికి కనిపిస్తే చెయ్యి దానంతటదే తగ్గుతుందని చాలా ఇళ్లవాళ్లు చెప్పారు. నాకు అది చాలు.

ఫ్రిజ్ గురించి

సెప్టెంబర్ 29ని ఆహార నష్టం, వృథాలపై అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 2020 నుంచి ఆ రోజును జరుపుతున్నారు. ఆ రోజు మనం ఉపన్యాసాలు పెట్టుకోకుండా ఫ్రిజ్ సర్దడం చేసి చూపించాం. ఇంతమంది వచ్చిన కార్యక్రమం ఈ ఏడాది ఇంకోటి లేదు. రాలేకపోయినవాళ్ల కోసం ఆ విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు వాడేయాల్సినవన్నీ కళ్లకు ఎదురుగా ఉండే ఒకే అరలో పెట్టాలి. కొత్తగా తెచ్చింది వెనక్కి, పాతది ముందుకి. ఆపిల్, అరటి, టమాటా పండే కొద్దీ ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. దానివల్ల పక్కనున్న ఆకుకూరలు త్వరగా పసుపెక్కుతాయి, అందుకే వాటిని దూరంగా ఉంచాలి. ఆకుకూరల తడి ఆర్చి, పొడిబట్టలో చుట్టి పెడితే ఎక్కువ రోజులు ఉంటాయి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు దాటకూడదు.

ప్యాకెట్ మీద తేదీల గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ వరకు రుచి, నాణ్యత బాగుంటాయని అర్థం. అది దాటిన మర్నాడే పారేయాల్సిన పని లేదు. చూసి, వాసన చూసి నిర్ణయించుకోవచ్చు. 'యూజ్ బై' అని ఉంటే మాత్రం అది ఆరోగ్యానికి సంబంధించిన గడువు, అక్కడ సర్దుబాటు వద్దు.

వండిన అన్నం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. పొదుపు పేరుతో ఎవరూ జబ్బు పడకూడదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయటే ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని వెడల్పాటి గిన్నెలో పరిచి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టాలి.

కలిసి చేసుకున్న భోజనాలు

ఇక్కడ మార్పు స్పష్టంగా కనిపించింది. ఎంతమంది వస్తారో ముందురోజే ఫోన్ చేసి కనుక్కుని వంటవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాం. గరిటెలు చిన్నవి చేశాం. మొదటిసారి కొద్దిగా వడ్డించి, అడిగినవాళ్లకు అడిగినంత మళ్లీ వేశాం. 'తక్కువ పెడితే మర్యాద తక్కువవుతుందేమో' అని కొందరు పెద్దవాళ్లు టెన్షన్ పడ్డారు. వడ్డించేవాళ్లు రెండోసారి, మూడోసారి దగ్గరికొచ్చి పలకరిస్తుంటే ఆ మాట మళ్లీ వినిపించలేదు. ఎవరూ ముట్టని మిగులును వేడివేడిగానే మూతగిన్నెల్లో సర్ది, అవసరమున్నవాళ్లకు వెంటనే చేరవేశాం. కంచాల్లోకి వెళ్లి వచ్చింది, ఎండలో ఉన్నది ఎవరికీ ఇవ్వలేదు. మనం తినడానికి వెనకాడేది ఇంకొకరికి పెట్టకూడదు. ఈ నియమం వచ్చే ఏడాదీ మారదు.

ఎరువు గుంట

దీని గురించి క్లుప్తంగా చెబుతాను. చెత్తకుప్పలో గాలి తగలకుండా కుళ్లిన తిండి నుంచి మీథేన్ వస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఇంచుమించు 28 రెట్లు ఎక్కువ. అందుకే తొక్కలు, పనికిరాని ముక్కల కోసం గుంట తవ్వాం. వానలప్పుడు వాసన వచ్చింది, ఫిర్యాదులు వచ్చాయి. తడి చెత్త ఒక పాలుకు ఎండుటాకులు రెండు మూడు పాళ్లు కలిపి, తరచూ తిరగేయడంతో వాసన పోయింది. గుంట ఉంది కదా అని మంచి తిండి అందులో వేయవద్దని మనవి.

వచ్చే ఏడాదికి

తూకం పుస్తకం మొదలుపెట్టి మధ్యలో ఆపేసిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ప్రతి వారం కష్టమవుతోందన్నారు. అందుకని నెలలో ఒక్క వారం మాత్రమే రాసే పద్ధతిని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కొనే ముందు ఇంట్లో ఏముందో రాసుకునే పలకను అడిగిన ప్రతి ఇంటికీ ఇవ్వాలన్నది రెండో ప్రతిపాదన. రెండింటి మీదా సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది.

ఎరువు గుంట తిరగేసే వంతుల పట్టికలో ఖాళీలు ఉన్నాయి. చేయగలిగినవాళ్లు సమావేశం రోజు పేరు ఇవ్వండి. పుస్తకం రాసినవాళ్లు, సగంలో ఆపినా సరే, దాన్ని వెంట తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి