దేవదూతల పేజీలో ముద్రారాక్షసాలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. సెప్టెంబర్ 29న వచ్చే ప్రధానదూతల పండుగకని మీ ఆదివారం అనుబంధంలో దేవదూతల మీద ఒక పేజీ వేశారు. అది చదివి పది రోజులు దాటింది. రాయకూడదనే అనుకున్నాను. ‘నీకెందుకే, వాళ్లు వెయ్యరు, నీకు బీపీ పెరగడం తప్ప’ అని మా ఆయన కూడా అన్నారు. కానీ మొన్న సాయంత్రం ఆ పేజీయే మిర్చి బజ్జీల పొట్లమై మా ఇంటికి తిరిగొచ్చింది. నూనె మరకల మధ్య ‘మికాయేలు’ అని, ఒత్తు ‘ఖ’ లేకుండా. ఇక ఊరుకోలేకపోయాను.

మీ వ్యాసకర్త మొదటి వాక్యంలోనే, మంచివాళ్లు చనిపోతే దేవదూతలవుతారని తేల్చేశారు. ఏ చర్చిలో విన్నారో మరి! దూతలు వేరే సృష్టి, మనిషి వేరే సృష్టి. ఒకరు ఇంకొకరు కారు. పునరుత్థానంలో మనుషులు దూతలవలె ఉంటారని మత్తయి సువార్త 22వ అధ్యాయంలో యేసు అన్నది, ఏడుగురిని పెళ్లాడిన స్త్రీ ఎవరి భార్య అవుతుందన్న తిక్క ప్రశ్నకు జవాబుగా. ఆ ‘వలె’ను మీవాళ్లు మింగేశారు. ముప్పై ఏళ్లు పిల్లలకు ఉపమాలంకారం చెప్పినదాన్ని, ‘వలె’ పోతే నా ప్రాణం పోయినట్టే ఉంటుంది. పసిబిడ్డ పోయిన ఇంటికి వెళ్తే ‘దేవదూత అయిందమ్మా’ అని మేమూ అంటాం. ఆ తల్లి ముందు కూర్చుని వేదాంతం మాట్లాడం కదా. ఆ మాటనే పత్రికలో సమాచారం కింద అచ్చేస్తే ఎలా?

ఇక బొమ్మ. బుగ్గలు ఉబ్బిన బోసి పిల్లాడికి కోడిపిల్ల రెక్కలు తగిలించి కింద ‘కెరూబు’ (ఒక రకం దూత) అని వేశారు. ఆ బుగ్గల పిల్లలు ఇటలీ చిత్రకారులు కన్న పిల్లలండీ. యెహెజ్కేలు గ్రంథం మొదటి అధ్యాయం తీసి చూడండి. ఒక్కొక్క జీవికి నాలుగు ముఖాలు (మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు), నాలుగు రెక్కలు. 10వ అధ్యాయంలో అవే కెరూబులని ఆయనే చెప్తాడు. ఏదెను తోట దారికి కాపలా పెట్టింది వాళ్లనే, పక్కన మండే ఖడ్గం. యెషయా ప్రవక్త చూసిన సెరాపులనే మరో రకం దూతలకైతే ఆరేసి రెక్కలు. రెండింటితో ముఖం కప్పుకుని, రెండింటితో కాళ్లు కప్పుకుని, మిగిలిన రెండింటితో ఎగురుతారు. అందుకే కాబోలు జెకర్యాకు, మరియకు, గొర్రెల కాపరులకు ఎవరికి కనిపించినా దూత ముందు ‘భయపడకుము’ అంటాడు. మీ బొమ్మను చూసి భయపడేదెవరు? చేతిలో బిస్కెట్ పెడతారు.

బైబిల్లో ఏడుగురు ప్రధానదూతల పేర్లున్నాయని కూడా రాశారు. మా ప్రొటెస్టెంట్ల బైబిల్లో పేరుతో కనిపించే మంచి దూతలు ఇద్దరే, మిఖాయేలు, గబ్రియేలు. ప్రధానదూత అనే బిరుదు పేరుతో కలిపి వచ్చేది మిఖాయేలు ఒక్కడికే, యూదా పత్రికలో, అంటే కొత్త నిబంధనలోని ఒక ఉత్తరంలో. రఫాయేలు తోబీతు గ్రంథంలో వస్తాడు. అది కాథలిక్కుల బైబిల్లో ఉంటుంది, మా దాంట్లో ఉండదు. మా పక్కింటి కాథలిక్ ఆవిడకీ నాకూ దీని మీద ఇరవై ఏళ్లుగా తగవు, అయినా క్రిస్మస్ కేకులు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉన్నాం. ఏడుగురిలో తానొకడినని రఫాయేలు చెప్పుకున్న మాట నిజమే. మిగతా పేర్లు మీవాళ్లు ఎక్కడి నుంచి తెచ్చారో ఆవిడకీ తెలియదట.

లూసిఫర్ సంగతి ఇంకా బాగుంది. ‘బైబిల్లో సాతాను అసలు పేరు లూసిఫర్’ అని పెద్దక్షరాల్లో వేశారు. తెలుగు బైబిల్ మొత్తం తిరగెయ్యండి, ఆ పేరు కనబడితే నా పెన్షన్ మీకు రాసిస్తాను. యెషయా 14లో బబులోను రాజును ఎత్తిపొడుస్తూ ‘తేజోనక్షత్రమా, వేకువచుక్కా’ అన్నారు. దాన్ని లాటిన్‌లోకి మార్చినప్పుడు వచ్చిన మాట లూసిఫర్. తర్వాతివాళ్లు దాన్ని సాతానుకు అంటగట్టారు. ప్రకటన గ్రంథం చివరి అధ్యాయంలో వేకువచుక్కను నేనే అని చెప్పుకున్నది సాక్షాత్తూ యేసు. అది మీ వ్యాసకర్త చదివి ఉంటే చెయ్యి వణికేది. మన తెలుగువాళ్లు సాతానుకు పెట్టిన పేరు ‘అపవాది’. అపవాదు వేసేవాడని అర్థం. మూలంలోని గ్రీకు మాటకు అచ్చంగా సరిపోయింది. ఇంత చక్కని మాట ఇంట్లో పెట్టుకుని లాటిన్ అప్పు ఎందుకు?

అసలు నాకు కడుపు మండింది దయ్యాల దగ్గర. దయ్యాలంటే కోరికలు తీరక చచ్చి తిరుగుతున్న ఆత్మలని, క్రైస్తవులూ అదే నమ్ముతారని రాశారు. నమ్మరు. మా నమ్మకంలో దయ్యాలు చచ్చిన మనుషులు కావు, దారి తప్పిన దూతలు. దేవుడు మంచిగానే పుట్టించాడని, తమంతట తామే చెడిపోయారని 1215లో రోములో జరిగిన చర్చి పెద్దల లాతరన్ సభ కూడా చెప్పింది. సాతాను దేవునికి సమఉజ్జీ కూడా కాదు. యోబు గ్రంథంలో ఒక మనిషిని ముట్టుకోవడానికి కూడా అనుమతి అడగాల్సి వచ్చింది. మీ పేజీలో మాత్రం ఇద్దరూ చింతచెట్టు కింద కుస్తీ పడుతున్నారు.

తప్పంతా మీదే అనను. కొంత ఆ మాటది. పాత తెలుగులో దయ్యమంటే దేవుడే. దైవము ప్రకృతి, దయ్యము వికృతి. తరగతిలో ఇది చెప్తే పిల్లలు నవ్వేవారు. గ్రీకులో ‘దయిమోన్’ కూడా మొదట దేవతల లాంటి శక్తికి చెప్పిన మాటే, కొత్త నిబంధన నాటికి చెడ్డదైంది. రెండు భాషల్లో రెండు మాటలూ ఒకే మెట్ల మీంచి కిందికి జారాయి. మనవాళ్లు ‘దయిమోన్’కు ‘దయ్యం’ పెట్టి అనువదించేసరికి, బైబిల్లోని దయ్యానికి మన ఊరి చింతచెట్టు, తెల్లచీర అంటుకున్నాయి. ఇలాంటివి విడమరిచి చెప్తారనే కదా పత్రిక కొనేది. ఒకప్పుడు మీ డెస్కులో ఇవి పట్టుకునే ప్రూఫ్ రీడర్లు ఉండేవారు. ఇప్పుడు ప్రూఫ్ చదవడం కూడా పాఠకుల పనే అయింది, చందా కట్టి మరీ.

ఇది పండితుల గొడవే అయితే ఇంత రాసేదాన్ని కాదు. అదే అనుబంధం వెనక పేజీలో సగం పేజీ ప్రకటన వేశారు. దయ్యాలు, చేతబడి, మూర్ఛ నుంచి ఒక్క రాత్రిలో విడుదలట. మా వీధిలో పదో తరగతి అబ్బాయికి ఫిట్స్ ఉన్నాయి. అలాంటి సభకే తీసుకెళ్తే, స్టేజి మీదాయన దయ్యం పోయింది, ఇక మాత్రలు అవిశ్వాసం అన్నాడట. ఆ తల్లి మాత్రలు ఆపేసింది. నాలుగో రోజు పిల్లాడు మెట్ల మీద పడి నుదురు చిట్లింది. చుట్టూ చేరినవాళ్లు చేతిలో తాళాల గుత్తి పెడుతున్నారు, ఆటో పిలిచేవాడు లేడు. నేనే అరిచాను. కుట్లు పడ్డాయి. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి.

ఆవిడను తిట్టలేదు. మత్తయి సువార్త 4వ అధ్యాయం 24వ వచనం తీసి చదివించాను. యేసు దగ్గరికి తెచ్చినవారిలో దయ్యముపట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు వేరువేరుగా ఉన్నారు. చాంద్రరోగమంటే మూర్ఛ. రెండు వేల ఏళ్ల క్రితం సుంకరి మత్తయికి తెలిసిన తేడా మైకు పట్టుకున్నాయనకు తెలియలేదు. అదే సువార్త 17లో యేసు మూర్ఛ ఉన్న పిల్లాడిలోంచి దయ్యాన్ని వెళ్లగొట్టలేదా అని ఆవిడ అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఒక్క పిల్లాడి విషయంలో అలా జరిగిందంటే ఫిట్స్ వచ్చిన ప్రతివాడికీ దయ్యమేనని కాదు కదమ్మా అన్నాను. కాథలిక్కుల్లో బిషప్ అనుమతి లేకుండా ఏ ఫాదరూ దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన చెయ్యకూడదు. 1999లో వచ్చిన ఆ ప్రార్థన కొత్త క్రమంలో జబ్బును దయ్యమని పొరబడవద్దన్న హెచ్చరిక కూడా ఉంది. ఇక్కడ ఫ్లెక్సీ కొట్టించుకున్నవాడల్లా బిషప్పే.

మహిమల మందుల ప్రకటనల మీద 1954 నుంచీ చట్టం ఉంది. దాని జబ్బుల జాబితాలో మూర్ఛ కూడా ఉంది. ప్రార్థన సభ దాని కిందికి వస్తుందో రాదో లాయర్లు తేల్చుకుంటారు. ప్రకటన డబ్బులు తీసుకునే ముందు మీకు ఆ అనుమానమైనా రావాలి కదా. రాత్రి 10 దాటాక మైకు పెట్టకూడదన్న నియమం 2000లో వచ్చింది. ఆ సభ మైకు 12 వరకూ మోగింది. మైకు ఏ మతానిదైనా మైకే, నేను అన్ని పండుగలకూ ఫోన్ చేస్తాను. ప్రతిసారీ ‘చూస్తాం మేడం’ అంటారు. వినమంటే చూస్తామంటారేమిటో! సభ ఫ్లెక్సీ మా బస్టాప్ బోర్డుకు అడ్డంగా కట్టారని ఫొటో తీసి యాప్‌లో పెడితే రెండు రోజుల్లో ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఫ్లెక్సీ అక్కడే ఉంది. బస్సు నంబర్లు కావాలంటే దాని వెనక్కి వెళ్లి, మురిక్కాలవ గట్టు మీద నిలబడి చదువుకోవాలి.

దిద్దుబాటు వేయమని అడుగుతున్నాను. సినిమా ప్రకటనల కింద కాకుండా, అదే పేజీలో, అదే సైజులో. ఆ సగం పేజీ ప్రకటన మళ్లీ తీసుకోబోమని కూడా రాయండి. మిఖాయేలుకు ‘ఖ’ పడేలా చూడండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
మెట్టుగూడ, సికింద్రాబాద్