తప్పు నా చేతిది కాదు: మాక్రమే కిట్‌పై నాలుగో ఫిర్యాదు

గుంటూరు,
2025 సెప్టెంబరు 18.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మాక్రమే (తాడుతో ముడులు వేసి అల్లే పని) బిగినర్స్ కిట్‌పై నేను చేసిన ఫిర్యాదును నాకు చెప్పకుండా మూడుసార్లు మూసేయడం గురించి.

అయ్యా,

ఫోన్లో చెప్పాను, మెయిల్ పెట్టాను, మీ యాప్‌లో చాట్ చేశాను. ఎక్కడా మనిషి దొరకలేదు. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దీన్నయినా ఎవరో ఒకరు చేత్తో విప్పి చదవాలి కదా.

నేను మీకు కొత్తదాన్ని కాను. రెండేళ్లలో మీ దగ్గర నాలుగు కిట్లు కొన్నాను. ఒక్కదానికీ వంక పెట్టలేదు. మా అపార్ట్‌మెంట్‌లో మరో ముగ్గురి చేత కొనిపించాను కూడా. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని వైరు బుట్టలు అల్లినదాన్ని. ఈ ఏడాది రిటైరయ్యాను. మళ్లీ చేతికి ఒక పని కావాలనిపించి మాక్రమే నేర్చుకుందామనుకున్నాను. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం. ఆ రోజుకి గుమ్మానికి అటూ ఇటూ రెండు ఉట్లు వేలాడదీసి, వాటిలో మనీప్లాంట్ కుండీలు పెట్టాలని ఆశపడ్డాను. కిట్ జులై 28న వచ్చింది.

తాడు గురించి ఎక్కువ రాయను, ఫోటోలు మీ దగ్గర ఉన్నాయి. ముడి నిలవలేదు, అంతే. స్క్వేర్ నాట్ అనే ముడికి నాలుగు పోగులు కావాలి. మధ్య రెండూ కదలకుండా ఉంటే, ఎడమ పోగును వాటి మీదుగా, కుడి పోగును కింది నుంచి తెచ్చి బిగించాలి. రెండోసారి కుడివైపు నుంచి మొదలుపెట్టాలి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వేస్తే అల్లిక మెలి తిరిగిపోతుంది. ఇదంతా నేర్చుకున్నాను. అయినా బిగించి చెయ్యి తీసేసరికి ముడి మెల్లగా జారి విడిపోయేది. మూడు రోజులు విప్పాను, కట్టాను. వేళ్ల సందులు ఎర్రబడ్డాయి. వయసు మీద పడింది, నాకిక ఇవి రావేమో అని ఒక రాత్రి నిజంగానే బాధపడ్డాను. మీ మీద నా కోపమంతా ఆ రాత్రి దగ్గరే మొదలైంది.

జులై 31 సాయంత్రం మీకు ఫోన్ చేశాను. తెలుగు కోసం 4 నొక్కమన్నారు, నొక్కాను. 26 నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి హిందీలో పలకరించింది. నాకు వచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. తాడు జారిపోతోందంటే ఆ అమ్మాయి, 'కొత్తవాళ్లకి మొదట్లో రాదు మేడమ్, వీడియోలు చూసి ప్రాక్టీస్ చేయండి' అంది. తాడు ఎలా ఉందని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మర్నాడు ఆరు ఫోటోలతో మెయిల్ పెట్టాను. 48 గంటల్లో జవాబిస్తామని నిమిషంలో మెసేజ్ వచ్చింది. తర్వాత ఏమీ రాలేదు.

ఆగస్టు 5న మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి ఒకతను మాట్లాడాడు. కస్టమర్ స్పందించలేదని ఫిర్యాదు మూసేశామన్నాడు. నా ఫోన్ తీసి చూసుకుంటే ముందురోజు మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఒక్క మిస్డ్ కాల్ ఉంది. దానికి తిరిగి చేస్తే ఆ నంబరు కలవదు. సరే, కొత్తగా ఫిర్యాదు రాసుకోండి అన్నాను. 'వాపసు గడువు ఏడు రోజులే మేడమ్, నిన్నటితో అయిపోయింది' అన్నాడు. నేను ఫిర్యాదు చేసింది మూడో రోజునండీ! గడువు దాటించింది మీరు, శిక్ష నాకా? అది అడిగితే లైన్లో ఉండమన్నాడు. ఉన్నాను. లైను కట్ అయింది.

వ్రతం రోజు గుమ్మానికి మామిడాకులు మాత్రమే కట్టుకున్నాను.

ఆగస్టు 11న సూపర్‌వైజర్ అని ఒకావిడ మాట్లాడారు. మీ కంపెనీలో నన్ను 'అమ్మా' అని పిలిచి, చెప్పింది చివరిదాకా విన్నది ఆవిడ ఒక్కరే. 13వ తేదీన మనిషిని పంపి కిట్ వెనక్కి తీసుకుంటామన్నారు. ఆ రోజు బుధవారం. ఉదయం తొమ్మిది నుంచి వీధి తలుపు తీసిపెట్టి, కుర్చీ గుమ్మం దగ్గర వేసుకుని, ప్యాకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మందుల షాపుకి వెళ్లాల్సి ఉండి కూడా వెళ్లలేదు. ఫోన్ పక్కన పెట్టుకుని అక్కడే అన్నం తిన్నాను. సాయంత్రం 6:40కి మెసేజ్ వచ్చింది: 'మా ప్రతినిధి వచ్చారు, కస్టమర్ ఇంట్లో లేరు.' కిందకి దిగి వాచ్‌మన్ రిజిస్టర్ చూశాను. ఆ రోజు పేజీలో మీ కొరియర్ పేరే లేదు. ఆ పేజీ ఫోటో కూడా మీకు పంపాను. మీ సామాను పాడైపోయినా సర్దుకునేదాన్నేమో. నేను ఇంట్లో ఉండగా లేనని రాసిన ఆ అబద్ధాన్ని మాత్రం సహించలేను.

ఆగస్టు 20న చివరిసారి మాట్లాడినతను కొత్త కారణం చెప్పాడు. కత్తిరించిన తాడు వాపసు తీసుకోరట. మాక్రమేలో మొదటి పనే తాడు కత్తిరించుకోవడం. ముడులు పడేకొద్దీ పొడవు తగ్గిపోతుంది కాబట్టి, కావలసిన పొడవుకి నాలుగింతలు, మధ్యకి మడిచి కర్రకి తగిలించేదయితే ఎనిమిదింతలు ముందే కత్తిరించుకోవాలి. మీ కరపత్రంలో మొదటి బొమ్మే కత్తెర! కత్తిరించకుండా తాడు మంచిదో కాదో ఎవరికి తెలుస్తుంది? ఈ మాట అంటే అతను, 'ఇంతకీ ఎంత మేడమ్ ఇది, 1,149 రూపాయలే కదా' అన్నాడు. తర్వాతి ఆర్డర్ మీద 150 రూపాయల కూపన్ ఇస్తానన్నాడు. వద్దన్నాను. పది నిమిషాల్లో 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత రాసిన రెండు మెయిళ్లకి జవాబే లేదు.

పత్తి పండే జిల్లాలో పుట్టినదాన్ని నేను. ఆ సాయంత్రం దీపం దగ్గర మీ తాడు కొస ఒకటి వెలిగించాను. నూలయితే కాగితం కాలిన వాసన వస్తుంది, వేలితో నలిపితే బూడిద పొడవుతుంది. మీ తాడు కరిగి, ముడుచుకుని, నల్లటి పూసలా గట్టిపడింది. ప్యాకెట్ మీద మాత్రం నూటికి నూరు శాతం కాటన్ అని ఉంది. తర్వాత పట్నంబజారులో తాళ్ల కొట్టుకి వెళ్లి నూలు తాడు తెచ్చుకున్నాను. అదే ముడి, అవే వేళ్లు. మొదటిసారే నిలిచింది. బిగించి, చెయ్యి తీసి, చాలాసేపు చూశాను. జారలేదు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ పూస, ఆ ముడి రెండూ దాచి ఉంచాను.

ఈ-కామర్స్ కంపెనీలకి 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం మీకొక ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన పేరు మీ సైట్లో కనిపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. మీ సైటంతా వెతికినా నాకు ఏ పేరూ కనిపించలేదు. నెల దాటి కూడా రెండున్నర వారాలయింది. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో పేరు, హోదా ఉన్న మనిషి సంతకంతో నాకు తెలుగులో జవాబు రావాలి. 13వ తేదీన నేను ఇంట్లోనే ఉన్నానని, మీ రికార్డు తప్పని అందులో రాయాలి. నా 1,149 రూపాయలు కూపన్‌గా కాదు, డబ్బుగా ఇవ్వాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, గుంటూరు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్లోనే వేయవచ్చు. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. నాకిప్పుడు ఖాళీ సమయం చాలా ఉంది, ప్రతి వాయిదాకీ వస్తాను. మా అపార్ట్‌మెంట్‌లో మీ కిట్లు కొన్న ముగ్గురికీ ఈ ఉత్తరం చదివి వినిపించాను.

ఫిర్యాదు నంబర్లు మూడూ, కాల్స్ జాబితా, వాచ్‌మన్ రిజిస్టర్ పేజీ నకలు జతచేశాను. నా పేరు, చిరునామా నేను ఫోన్ చేసిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ రాయించుకున్నారు, మీ దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
రెండేళ్లుగా మీ కస్టమరు,
బ్రాడీపేట, గుంటూరు.