నీలి ఆకు ఏదని అడిగిన వారికి మా సమాధానం

ఈ మధ్య మా నర్సరీ నుంచి నెమలి బిగోనియా తెప్పించుకున్న వారిలో పలువురు ఒకే ఫిర్యాదు రాశారు. ఫొటోలో నీలంగా మెరిసిన ఆకు ఇంటికి చేరేసరికి మామూలు ఆకుపచ్చగా ఉందని, వేరే మొక్క పంపామేమోనని వారి అనుమానం. మొక్క మారలేదు, మీకు అందినది నెమలి బిగోనియాయే, దాని శాస్త్రీయ నామం బిగోనియా పావోనినా. అయినా తప్పు మాదే. గదిని చీకటి చేసి, ఫ్లాష్ వేసి, నీలం తేలే కోణం దొరికేదాకా తీసిన ఫొటోల్లో అన్నిటికన్నా మెరిసినదాన్ని ఎంచి పెట్టాము. రోజులో ఎక్కువసేపు ఆ ఆకు అలా కనిపించదన్న సంగతిని దాని కింద ఒక్క వాక్యంగానైనా రాయలేదు. ఆ ఫొటోను తీసివేసి, కిటికీ వెలుతురులో పైనుంచి, పక్కనుంచి తీసిన సాదా ఫొటోలు పెట్టాము.

నీలం ఎందుకు దాగుడుమూతలు ఆడుతుందో చెప్పకపోతే ఈ క్షమాపణ సగమే అవుతుంది. ఈ ఆకులో నీలి వర్ణకం లేదు. నెమలి పింఛంలోనూ లేదు, పావోనినా అన్న పేరుకు మూలమైన లాటిన్ మాటకు అర్థం కూడా నెమలే. వృక్షశాస్త్రవేత్త హెన్రీ రిడ్లీ పేరు పెట్టిన ఈ మొక్క మలేషియాలోని కామెరూన్ హైలాండ్స్ కొండ అడవుల్లో, పెద్ద చెట్ల నీడ మాటున నేలకు దగ్గరగా పెరుగుతుంది. పైనున్న ఆకులు ఎరుపు, నీలి కాంతులను చాలావరకు పీల్చుకోగా, మిగిలిన మసక వెలుతురులో ఆకుపచ్చ పాలు ఎక్కువగా ఉంటుంది. ఆకు పైపొర కణాల్లో ఉండే ప్రత్యేకమైన హరితరేణువుల్లో సన్నని పొరలు సమాన దూరాల్లో, చీరను మడతపెట్టినట్టు పేర్చి ఉంటాయి. ఆ అమరిక నీలి కాంతిని వెనక్కి తిప్పికొట్టి, ఆకుపచ్చ, ఎరుపు కాంతులను మరింతగా పట్టుకోవడానికి తోడ్పడుతుంది. తక్కువ వెలుతురులో దీనివల్ల కిరణజన్య సంయోగక్రియ సామర్థ్యం 5 నుంచి 10 శాతం పెరుగుతుందని బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రకటించారు. అంటే మనం మురిసిపోయే ఆ మెరుపు, ఆ నీడలో మొక్క అంతగా ఆధారపడని కాంతి.

అందుకే ఎండ తగిలే చోట పెట్టిన మొక్కలో నీలం మసకబారుతుంది. మీ మొక్కను నీడగా ఉన్న చోట కొన్ని వారాలు ఉంచి, సాయంత్రం గది చీకటి పడ్డాక టార్చిని కంటి పక్కనే పట్టుకుని ఆకు మీద వెలుగు వేసి చూడండి. ఆకు ఈనెల నడుమ ఉన్న భాగం ఒక్కసారిగా నీలంగా వెలుగుతుంది, టార్చిని కాస్త పక్కకు జరిపితే ఆరిపోతుంది. ముదురు ఆకుల్లో కనిపించకపోతే కొత్తగా విచ్చిన ఆకుల మీద ప్రయత్నించండి.

రెండో సంగతి, కొత్త ఆర్డర్లు ఆపేశాము. మా గాజు పెట్టెల్లో తేమ బాగుండాలన్న ఆత్రంతో మూతలు అసలు తెరవకుండా వదిలేయడం వల్ల బూడిదరంగు బూజు పట్టి, తొడిమలు మెత్తబడి, నాటిన వాటిలో సగానికి పైగా కుళ్లిపోయాయి. ఈ మొక్కకు గాలిలో తేమ కావాలి, కానీ ఆకు మీద నీరు నిలవకూడదు. తెలిసిన పాఠాన్నే నష్టపోయి మళ్లీ నేర్చుకున్నాము. బతికిన మొక్కల నుంచి ఆకులు తీసి, పెద్ద ఈనె ఉన్న ముక్కలుగా కోసి, తడిపి పిండిన నాచు మీద ఆనించాము. ఈనె కోసిన చోట గోరంత ఆకులు పైకి రావడానికే నెలలు పడుతుంది, కనుక ఫలానా తేదీకి పంపుతామని మాట ఇవ్వలేము.

అడవి నుంచి తవ్వి తెచ్చిన మొక్కలు కొనుక్కుంటే వెంటనే పంపవచ్చని ఒకరు సలహా ఇచ్చారు, ఒక వ్యాపారి ఫొటోలతో సహా బేరానికీ వచ్చారు. వద్దన్నాము. కొద్దిపాటి చోట్లలో మాత్రమే పెరిగే మొక్కను వేళ్లతో పెకలించి అమ్మడం మాకు ఇష్టం లేదు. పైగా కొండ నీడలో పెరిగిన ఆ మొక్క పెట్టెలో ప్రయాణం చేసి వచ్చాక మీ ఇంట్లో బతికే అవకాశం కూడా తక్కువే.

ఫొటో చూసి కొన్నవారు మొక్కను తిప్పి పంపితే, ఆకులు వాడిపోయి ఉన్నా సరే, పూర్తి సొమ్ము వాపసు చేస్తాము, రవాణా ఖర్చు కూడా మాదే. డబ్బు కట్టి ఇంకా ఎదురుచూస్తున్నవారు ఆర్డరును రద్దు చేసుకోవచ్చు, లేదా వరుసలో ఉండవచ్చు. ఏదైనా సరే, ఆర్డరు సంఖ్య రాసి ఒక్క మాట తెలియజేయండి.